గ్రాఫిక్స్ కార్డు ఎప్పుడు మార్చవలెను?

మార్కాపురము పలకపై బొమ్మ గీచి, చెరిపి, కొంచెము జరిపి మరల గీచితిమనుకొనుడు. ఇట్లు సెకనుకు 60 మార్లు చేయగలిగినచో బొమ్మ కదలుచున్నట్లే కంటికి తోచును. కంప్యూటరు ఆటలో జరుగునది ఇదియే. పలక మానిటరు, గీచునది గ్రాఫిక్స్ కార్డు, బంతి ఎటు పోవలెనో, గోడ ఎక్కడ నున్నదో లెక్కించి చెప్పునది ప్రాసెసరు.

సాధారణమైన మానిటరుపై అడ్డముగా 1920, నిలువుగా 1080 బిందువులుండును. హెచ్చించినచో 20,73,600. వీటన్నిటికిని రంగు నిర్ణయించుటకు కార్డుకు దొరకు వ్యవధి సెకనులో 60వ వంతు, అనగా సుమారు 16.7 మిల్లీసెకన్లు. ‘4కె’ మానిటరు తెచ్చినచో బిందువులు సరిగా నాలుగింతలగును. వ్యవధి మాత్రము పెరుగదు.

ఆట తడబడగానే కుర్రవాడు ఇంటివారిని కొత్త కార్డు అడుగును. కొమరోలు వంటి ఊరిలో వర్షమును నమ్ముకొన్న కుటుంబమునకు దాని వెల చిన్నది కాదు. కాబట్టి ముందుగా లోపము దేనిదో తేల్చవలెను. ఉపాయము సులభమే. సెకనుకు ఎన్ని చిత్రములు వచ్చుచున్నవో తెరపై చూపు ఏర్పాటు ఉన్నది. చిత్రముల సంఖ్యకు హద్దు పెట్టు ‘వి-సింక్’ను ఆపి, ఆ సంఖ్య వ్రాసికొనుడు. పిదప రిజొల్యూషనును 1280×720కి తగ్గించుడు. బిందువులు 9,21,600 మాత్రమే. గీచు పని సగమునకు లోపుగా తగ్గినది. 40గా నున్న సంఖ్య 70కి పెరిగినచో బరువు కార్డుపై నున్నదన్నమాట. 40 వద్దనే నిలిచినచో ప్రాసెసరు వెనుకబడినది. ఎంత గొప్ప కార్డు తెచ్చినను అది చేతులు కట్టుకొని కూర్చుండును.

మన ప్రాంతమున మరియొక చిక్కు కలదు. ఆట మొదట చక్కగా నడచి, పదినిముషములకు మందగించుచున్నదా? అయినచో వేడిని అనుమానించుడు. కార్డు వాడుకొను విద్యుత్తు దాదాపు అంతయు వేడిగానే మారును. గది 27 డిగ్రీలున్నపుడు కార్డు 75 డిగ్రీలకు చేరెననుకొందము; తేడా 48. వేసవిలో గది 42 డిగ్రీలైనచో, పంకా వేగము మారనియెడల, అది 90కి పోవలెను. కాని చాల కార్డులు 83 ప్రాంతముననే తమ వేగమును తామే తగ్గించుకొనును. రెక్కలనడుమ దుమ్ము చేరినచో సంగతి మరింత చెడును. విద్యుత్తు ఆపి, పంకా తిరుగకుండ వ్రేలితో పట్టి, మెత్తని కుంచెతో దులిపి మరల పరీక్షింపుడు. మే నెల మధ్యాహ్నపు ఫలితమును బట్టి కార్డు ముసలిదైనదని తీర్పు చెప్పుట అన్యాయము!

కార్డు మెమరీ నిండినను ఆట ఆగి ఆగి నడచును. ‘టెక్స్‌చర్’ నాణ్యతను తగ్గించగనే ఆ కుదుపులు పోయినచో కారణమదియే. అట్టిచోట కొత్తదెల్ల మేలని భావింపరాదు. 2021లో వచ్చిన ఆర్‌టిఎక్స్ 3060కు 12 గిగాబైట్ల మెమరీ గలదు. 2023లో వచ్చిన 4060కు 8 మాత్రమే. అయితే రెండవది 170 వాట్లకు బదులు 115 వాట్లతోనే పనిచేయును.

ఈ వాట్లను కూడ లెక్కింపవలెను. మదర్‌బోర్డుపై కార్డు గ్రుచ్చు గాడి 75 వాట్లకు మించి ఈయదు. మిగిలినది పవర్‌సప్లై నుండి వేరు తీగద్వారా రావలెను. ఆ తీగ యున్నదో లేదో పెట్టె విప్పి చూచిన పిమ్మటనే దుకాణమునకు పోవుడు.