వెంకటాచలంలో కారు లేకుండా గడుస్తుందా? ఈఎంఐకి సంతకం పెట్టే ముందు చూసుకోవాల్సిన లెక్క

2025 ఆగస్టు 15న ఒకే రోజు రెండు పథకాలు మొదలయ్యాయి. ఒకటి కారున్నవాళ్ల కోసం. ప్రైవేటు కార్లకు నేషనల్ హైవేల మీద ఫాస్టాగ్ వార్షిక పాస్. మొదలుపెట్టినప్పుడు ధర 3,000 రూపాయలు. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది. రెండోది ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం, స్త్రీ శక్తి.

నెల్లూరు జిల్లా వెంకటాచలంలో ఈ రెండూ ఒకే రోడ్డు మీద కనిపిస్తాయి. నేషనల్ హైవే 16 మీద టోల్ ప్లాజా ఉంది, అదే హైవే పక్కన నెల్లూరు బస్సు కోసం చెయ్యెత్తి నిలబడే జనమూ ఉన్నారు. ఆ తర్వాత నెల రోజులకే, సెప్టెంబరు 22 నుంచి, చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. కారు ఇప్పుడైనా కొనాలా, లేకుండా గడిచిపోతుందా అన్న చర్చ చాలా ఇళ్లల్లో మళ్లీ మొదలైంది.

జవాబు ముందే చెప్పేస్తాం. ఇల్లు హైవేకో రైల్వే స్టేషనుకో నడిచే దూరంలో ఉండి, ఇంట్లో ఒక బైకు ఉంటే, కారు లేకుండా బాగానే గడుస్తుంది. లోపలి ఊళ్లో ఉంటూ, తరచూ ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం లెక్క మారుతుంది.

అసలు కారు ఎంతమందికి ఉంది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో కారున్న కుటుంబాలు 8 శాతం దగ్గర. ఆంధ్రప్రదేశ్‌లో 3 శాతం కూడా లేవు. అంటే వందలో 97 ఇళ్లు కారు లేకుండానే నడుస్తున్నాయి. ఎలా నడుస్తున్నాయంటే ఎక్కువగా బైకు మీద, ఆ తర్వాత బస్సు, షేర్ ఆటో. కాబట్టి కారు లేని జీవితం అంటే ఇక్కడ చాలా వరకు బైకు జీవితం. దాని ఖరీదు పెట్రోలు ఒక్కటే కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1.68 లక్షల మంది చనిపోతే, అందులో 44 శాతం పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. లారీలు, కంటైనర్లు దూసుకెళ్లే హైవే మీద రోజూ నెల్లూరు వెళ్లొచ్చేవాళ్లకి ఈ అంకె ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. చట్టం ప్రకారం బైకు మీద నడిపేవాళ్లు కాక వెనక ఒక్కరే కూర్చోవాలి. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలున్న ఇల్లు ఒక బైకు మీద పట్టదు. పట్టించుకుని వెళ్తున్నారు, అది వేరే సంగతి. వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు మీద వేటు దీనికే. కారు కొనాలన్న ఆలోచన చాలామందికి ఇక్కడే మొదలవుతుంది, అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

బస్సు, రైలు ఎంతవరకు?

వెంకటాచలం నెల్లూరుకు దక్షిణంగా సుమారు 15 కిలోమీటర్లు. పగటిపూట హైవే వెంట ప్రయాణానికి ఇబ్బంది తక్కువ. స్త్రీ శక్తి కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్లు ఉచితంగా ఎక్కవచ్చు. ఆధార్, ఓటరు కార్డు లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో ఫేర్ టికెట్ తీసుకోవాలి. ఉచితమే కదా అని టికెట్ లేకుండా కూర్చోకూడదు.

హైవే ఊళ్లవాళ్లు తెలుసుకోవాల్సిన మెలిక ఒకటుంది. సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులతో పాటు రాష్ట్రం దాటి వెళ్లే బస్సులకు ఈ పథకం వర్తించదు. కళ్లముందు నుంచి చెన్నై బస్సులు ఎన్ని వెళ్లినా ఉచిత ప్రయాణానికి లెక్కలోకి రావు. మీకు పనికొచ్చేది నెల్లూరు, గూడూరు మధ్య తిరిగే బస్సే. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ నెల్లూరులో పనిచేస్తుంటే, ఒకరి నెల ఛార్జీలు పూర్తిగా మిగిలినట్టే.

రైలు సంగతి చాలామంది మర్చిపోతారు. వెంకటాచలం స్టేషను విజయవాడ-చెన్నై మెయిన్ లైను మీద, నెల్లూరు, గూడూరు మధ్య ఉంది. ఆర్డినరీ రైలుకు కనీస ఛార్జీ 10 రూపాయలు. 2024 ఫిబ్రవరిలో పాత ఛార్జీలు తిరిగి తెచ్చాక ఇది ఇంత చవకైంది. రోజూ వెళ్లేవాళ్లకి సీజన్ టికెట్ ఇంకా తక్కువలో పడుతుంది. 2025 జులైలో వచ్చిన రైల్ వన్ యాప్‌లో అన్‌రిజర్వుడ్ టికెట్ ఫోన్లోనే తీసుకోవచ్చు. చిక్కల్లా రైలు మీ ఆఫీసు వేళకి ఉందా లేదా అన్నదే. ఉంటే బస్సుకన్నా నయం, లేకపోతే స్టేషను ఎంత దగ్గరున్నా పనికిరాదు.

లోపలి ఊళ్ల కథ వేరు. దర్గా ఉన్న కసుమూరుకి, వెంకయ్యస్వామి ఆశ్రమం ఉన్న గొలగమూడికి భక్తుల తాకిడి ఉంటుంది కాబట్టి బండ్లూ ఉంటాయి. గొలగమూడిలో శనివారం రాత్రి నిద్ర చేసేవాళ్లూ ఉంటారు. అలాంటి రాకపోకలు లేని పల్లెలకు చివరి రెండు మూడు కిలోమీటర్లే ప్రయాణమంతటిలో కష్టమైన భాగం. షేర్ ఆటో నిండేదాకా కదలదు, నిండాక కూర్చోలేం.

డబ్బు లెక్క

ఇది ఉజ్జాయింపు మాత్రమే, మీ అంకెలు వేసుకోండి. 5 లక్షల అప్పు, 9.5 శాతం వడ్డీ, ఐదేళ్లు అయితే ఈఎంఐ సుమారు 10,500 రూపాయలు. నెల్లూరు వెళ్లిరావడానికి రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు, అంటే 750 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు, లీటరు 110 రూపాయలు అనుకుంటే పెట్రోలు 5,500. ఇన్సూరెన్సు, సర్వీసింగు, టైర్లకు నెలకు 2,000 పక్కన పెట్టండి. మొత్తం 18,000. డౌన్ పేమెంటు ఇందులో లేదు. అదే దూరానికి లీటరుకు 50 ఇచ్చే బైకు పెట్రోలు 1,650 అవుతుంది.

టోల్ మరో ఖర్చు, కానీ భయపడేంత కాదు. ప్లాజాకు 20 కిలోమీటర్లలోపు ఉండేవాళ్ల సొంత కార్లకు నెలవారీ లోకల్ పాస్ ఉంది. 2025-26లో అది 350 రూపాయలు. ప్లాజా మీ ఇంటికి, ఆఫీసుకి మధ్యలో పడితేనే అవసరం. బైకులకు టోల్ లేదు.

ఆ 18,000తో ఏం చేయొచ్చు? అవసరమైనప్పుడు బాడుగ కారు మాట్లాడుకోవచ్చు. ఒక్కోసారి 2,500 అనుకున్నా నెలకు నాలుగుసార్లకు 10,000 దాటదు. పెళ్లి, తిరుపతి, ఆసుపత్రి అన్నీ అందులో వస్తాయి. బైకు పెట్రోలు కలుపుకున్నా ఇంకో 6,000 మిగులుతుంది. అయితే ఐదేళ్ల తర్వాత ఈఎంఐ ఆగిపోతుంది, కారు మిగులుతుంది. పదేళ్లు జాగ్రత్తగా వాడుకునేవాళ్లకి ఈ తేడా చాలా తగ్గిపోతుంది. ఇది ఒప్పుకోవాల్సిందే.

విదేశాల్లో ఉన్న పిల్లలు డబ్బు పంపి ‘నాన్నా, కారు కొనుక్కోండి’ అనే ఇళ్లు ఈ జిల్లాలో తక్కువేం కాదు. అరవై దాటాక కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుని హైవే ఎక్కేవాళ్లు అరుదు. ఆ ఇళ్లల్లో కారు కవరు కింద ఉంటుంది, డ్రైవరు కోసం మళ్లీ ఫోన్లు చేయాల్సిందే. అదే డబ్బుతో నమ్మకమైన బాడుగ కారు మనిషిని ఒకర్ని చూసిపెట్టుకుంటే ఎక్కువ ఉపయోగం.

రాత్రి పదింటికి అమ్మకి ఒంట్లో బాగోకపోతే?

ఇంట్లో వాదన చివరికి ఆగేది ఇక్కడే. ప్రాణాపాయమైతే కారున్నా 108కి చేయడమే మేలు. 2005 నుంచి నడుస్తున్న ఈ సేవ ఉచితం, దార్లోనే ప్రథమ చికిత్స అందుతుంది. కంగారులో ఉన్న కొడుకు రాత్రి హైవే మీద కారు నడపడం కన్నా అది భద్రం. కాన్పయ్యాక తల్లీబిడ్డల్ని ప్రభుత్వాసుపత్రి నుంచి ఇంటికి చేర్చడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది.

108 తీరనిది రోజువారీ వైద్యం. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్, కీమో తర్వాత నీరసంగా తిరిగి రావడం, సాయంత్రం ఏడు తర్వాత దొరికే డాక్టరు అపాయింట్‌మెంట్. ఈ ప్రయాణాలు పల్లెవెలుగులో కష్టం, బైకు మీద ఇంకా కష్టం, ప్రతిసారీ బాడుగ కారంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఇంట్లో ఇలాంటి అవసరం ఉంటే కారు కొనడం దుబారా కిందకి రాదు. సెకండ్ హ్యాండ్ అయినా చూసుకోండి.

అలాంటి అవసరం లేనివాళ్లు షోరూముకి అడ్వాన్సు కట్టేముందు ఒక్క నెల మీ ప్రయాణాలన్నీ ఫోన్లో రాసుకోండి. ఎక్కడికి, ఎంతమంది, ఎన్ని గంటలకి, ఎంతైంది. చీకటి పడ్డాక చేసినవి, ఇద్దరికి మించి వెళ్లినవి, రోగితో వెళ్లినవి విడిగా గుర్తు పెట్టుకోండి. నెలకు అవి నాలుగైదు దాటకపోతే బాడుగ కారే చవక. పది దాటితే బ్యాంకుకి వెళ్లవచ్చు.