బలిపీఠం దగ్గర పంక్తి భేదం

2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో తొలి కార్డినల్ ఆయనే, దళితుల్లో తొలి కార్డినలూ ఆయనే. నల్లమలకు అవతలి కర్నూలు సీమ బిడ్డ 2025 మే నెలలో కొత్త పోపు ఎన్నికలోనూ పాల్గొన్నారు. నల్లమలకు ఇవతల యర్రగొండపాలెంలో పుట్టి, దైవశాస్త్రం బోధిస్తున్న నాకు ఇది గర్వకారణమే. అయితే రోములో దొరికిన ఆసనం మన విచారణల్లో దొరికిందా అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

ఈ ప్రశ్న శ్రీసభ వ్యతిరేకులు పుట్టించింది కాదు. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో విడుదల చేసిన దళిత సాధికారత విధానపత్రమే దీనిని ముందుకు తెచ్చింది. దేశంలోని 1 కోటి 90 లక్షల మంది కతోలికుల్లో 1 కోటి 20 లక్షల మంది దళితులని, శ్రీసభలోనూ అంటరానితనం ఉందని ఆ పత్రం అంగీకరించింది. దీని మూలాలు పాతవి. 1623లో పోపు 15వ గ్రెగరీ, మతం మారిన బ్రాహ్మణులు జంధ్యం, పిలక ఉంచుకోవచ్చని అనుమతించారు. కులాన్ని కేవలం లౌకికాచారంగా భావించడంతో అది జ్ఞానస్నానపు తొట్టిని దాటి లోపలికి వచ్చేసింది.

కొరింతులో కలిగినవారు ముందే భుజించి, లేనివారిని పస్తుంచినప్పుడు, అది ప్రభువు విందే కాదని పౌలు తేల్చి చెప్పాడు. ఆయన తప్పుపట్టింది పూజావిధానాన్ని కాదు, పంక్తి భేదాన్ని. ఈ లెక్కన ఆదివారం ఒకే సత్ప్రసాదం స్వీకరించి, శ్మశానంలో వేర్వేరు గోతులు, పెళ్లిళ్లలో వేర్వేరు కులాలు వెతుక్కునే విశ్వాసులు దివ్యబలిపూజనే ప్రశ్నార్థకం చేస్తున్నారు. నా దృష్టిలో ఇది క్రమశిక్షణ సమస్య కాదు, విశ్వాస సమస్య.

ఇక రాజ్యం విషయం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. దానిని 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు, ముస్లింలకు ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మతం మారిన దళితుడికి దక్కేది బీసీ-సీలోని ఒక్క శాతం. 2023 మార్చిలో శాసనసభ ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది. 2025 ఏప్రిల్ 30న హైకోర్టు, క్రైస్తవంలోకి మారిన దళితుడికి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ ఉండదని తీర్పు చెప్పింది. యర్రగొండపాలెం ఎస్సీలకు కేటాయించిన నియోజకవర్గం. ఇక్కడ కాగితం మీద క్రైస్తవుడైన దళితుడు ఓటు వేయగలడు, పోటీ చేయలేడు.

అందుకే అనేకులు గుడిలో ఒక పేరుతో, ధ్రువపత్రంలో మరో పేరుతో బతుకుతున్నారు. దీనిని పేతురు బొంకుతో పోల్చి నిందించే ప్రసంగాలు విన్నాను. ఆ పోలిక అన్యాయం. పేతురు భయపడి గురువును ఎరగనన్నాడు. ఈ తల్లిదండ్రులు బిడ్డ చదువు కోసం, ప్రభుత్వం అడిగిన గడిలో ప్రభుత్వం కోరిన మాట రాశారు. విశ్వాసానికి వెల కట్టింది చట్టం. ఆ వెల చెల్లించలేని పేదను దోషిగా నిలబెట్టడం సువార్త కాదు.

శ్రీసభ న్యాయస్థానంలో ‘మాలో కులవివక్ష ఉంది, హోదా ఇవ్వండి’ అంటుంది. వేదిక మీద ‘క్రీస్తులో కులం లేదు’ అంటుంది. రెండో మాట నిజమయ్యేలా నడుచుకున్నప్పుడే మొదటి మాటకు నైతిక బలం వస్తుంది. విచారణ సలహా సంఘాల్లో, గురువిద్యాలయ ప్రవేశాల్లో, కతోలిక పాఠశాలల ఉద్యోగాల్లో దళితుల వాటా ఎంతో ప్రతి మేత్రాసనం ఏటా లెక్క ప్రకటించాలి. శ్మశానాల అడ్డుగోడలు తీయించే బాధ్యతను పీఠాధిపతులే తీసుకోవాలి. ఇందుకు ఢిల్లీ అనుమతి అక్కరలేదు, రోము ఆజ్ఞ అక్కరలేదు.