మీకు తెలుసా? భూగర్భ జలాల లెక్క రైతులే తీశారు

అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ. బోరు మీద బోరు వేసి అప్పులపాలైన రైతులున్న కరువు జిల్లాలివి. 2003 తర్వాత కొన్నేళ్లపాటు ఈ ఏడు జిల్లాల్లో 600కు పైగా ఊళ్లలో జలశాస్త్రజ్ఞుల పనిని రైతులే చేశారు. నెదర్లాండ్స్ నిధులిచ్చింది, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండగా నిలిచింది, స్థానిక స్వచ్ఛంద సంస్థలు ఊరూరా పని నడిపించాయి.

పొద్దున్నే వర్షమాపకం చూసి రాసేది రైతే. పదిహేను రోజులకోసారి ఎంపిక చేసిన బోర్లలోకి తీగ దించి నీటిమట్టం చూసేదీ రైతే. డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండిందో గడియారం పట్టుకుని లెక్కేసి, నిమిషానికి బోరు ఎన్ని లీటర్లు పోస్తోందో తేల్చేవారు. ఆ అంకెలు ఊరందరికీ కనిపించేలా బోర్డు మీదికెక్కేవి. ఆడవాళ్లు కూడా ఈ కొలతలు నేర్చుకున్నారు, మరొకరికి నేర్పారు.

అసలు ఘట్టం రబీకి ముందు. ఒకే భూగర్భ జలాన్ని పంచుకునే ఊళ్ల రైతులు కూర్చుని, వానకు ఎంత నీరు ఇంకింది, ఎవరు ఏ పంట వేద్దామనుకుంటున్నారు, దానికి ఎంత నీరు కావాలి అని కూడికలు తీసివేతలు చేసేవారు. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే ఎకరాకు దాదాపు 48 లక్షల లీటర్లు! వేరుశనగ లాంటి ఆరుతడి పంటకు అందులో సగమైనా అక్కర్లేదు. ఇంత కచ్చితంగా లోటు కళ్లముందు కనబడ్డాక ఎవరి పొలం గురించి వారు నిర్ణయించుకునేవారు. ఫలానా పంటే వెయ్యాలన్న ఆంక్ష లేదు, జరిమానా లేదు.

ఈ పద్ధతి ఇక్కడ పనిచేయడానికి నేల కూడా ఒక కారణం. ఈ జిల్లాల్లో చాలాచోట్ల కింద ఉన్నది గట్టి రాయి. చిన్న కుండలా వానకు నిండుతుంది, వేసవికి ఖాళీ అవుతుంది. కాబట్టి ఈ ఏడాది పొదుపు ఫలితం ఈ ఏడాదే బోరులో కనిపిస్తుంది. సొంత చేత్తో కొలిచిన లెక్క మీద రైతుకు కలిగే నమ్మకం ఏ ప్రచారమూ తేలేనిదని నా అభిప్రాయం.

2010లో ప్రపంచబ్యాంకు వెలువరించిన అధ్యయనం ఈ ప్రయత్నాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది: చాలా ప్రాంతాల్లో రబీలో తోడే నీరు తగ్గింది, రైతుల రాబడి మాత్రం దెబ్బతినలేదు.