మీకు తెలుసా? మీ ఇంటి ఫ్రిజ్‌కీ లాగర్ బీరుకీ చుట్టరికం ఉంది!

బోరబండలో లింగంపల్లి వైపు వెళ్లే ఎంఎంటీఎస్ ఎక్కితే తర్వాతి స్టేషన్ హైటెక్ సిటీ. అటువైపు బ్రూపబ్బుల్లో నిలువెత్తు స్టీలు ట్యాంకులు చూసినవాళ్లకు ‘తేలికపాటి లాగర్ బీరు ఇంట్లో కాచుకోలేమా?’ అనిపించడం సహజమే. అలాంటివాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతులివి.

● చలే ప్రాణం: ఏల్ బీరు ఈస్ట్‌కు 18–22 డిగ్రీలు చాలు. లాగర్ ఈస్ట్‌కు మాత్రం 8–13 డిగ్రీలు కావాలి. మన వేసవి 40 దాటుతుంది, ఫ్రిజ్ 4 దగ్గర ఉంటుంది. లాగర్‌కు కావలసిన చల్లదనం ఈ రెండింటిలోనూ దొరకదు. అందుకే విదేశాల్లో ఇంట్లో బీరు కాచేవాళ్లు పాత ఫ్రిజ్‌కు విడిగా థర్మోస్టాట్ బిగించుకుంటారు.

● వేసవిలో బంద్: జర్మనీలోని బవేరియాలో 1553 నుంచి ఏప్రిల్ 23, సెప్టెంబరు 29 మధ్య బీరు కాయడంపై నిషేధం ఉండేది. ఎండలకు బీరు పాడైపోయేది మరి! చలికాలంలోనే కాయాల్సి రావడంతో చలిలోనూ చురుగ్గా ఉండే ఈస్ట్‌దే అక్కడ పైచేయి అయింది.

● ఫ్రిజ్‌కు పెద్దన్న: ఏడాది పొడవునా లాగర్ కాయాలన్న బ్రూవరీల అవసరమే శీతల యంత్రాలకు ఊపిరి పోసింది. 1870ల్లో కార్ల్ వాన్ లిండే రూపొందించిన యంత్రాలను తొలుత ఆదరించింది మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీ.

● బియ్యం మహిమ: మాల్ట్‌తో పాటు కొంత బియ్యం ఉడికించి కలిపితే బీరు రంగూ రుచీ తేలికవుతాయి. బడ్‌వైజర్‌లో బియ్యం పడేది ఇందుకే.

● వెన్న వాసన వస్తే: లాగర్ పులిసేటప్పుడు డయాసిటైల్ పుడుతుంది. దానిది వెన్న వాసన. పులియడం ముగింపుకొచ్చాక రెండు మూడు రోజులు 15–18 డిగ్రీల్లో ఉంచితే ఈస్టే దాన్ని తినేస్తుంది. ఆ తర్వాత సున్నాకు దగ్గర్లో కొన్ని వారాలు నిల్వ ఉంచితే బీరు తేటపడుతుంది. చలికాలపు ఇడ్లీ పిండిలా దీనికీ తొందర పనికిరాదు.

● చట్టం ఏమంటుంది?: 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం తెలంగాణలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. మైక్రోబ్రూవరీలకు 2015లో నిబంధనలు వచ్చాయి. ఇంటి వంటగదికి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి బోరబండలో ఉన్నవాళ్లు లైసెన్సున్న బ్రూపబ్బుకు వెళ్లి, అక్కడి బ్రూవర్‌ను అడిగి తెలుసుకోవడమే సరైన దారి.

● అమెరికాలో మనవాళ్లకు: అక్కడ 1978లో చేసిన చట్టం ఇంటి బీరుకు తలుపులు తెరిచింది. ఇద్దరు పెద్దలున్న ఇంట్లో సొంతానికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు కాచుకోవచ్చు, అమ్మకూడదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు చల్లగా ఉంచే ఏర్పాటు లేకపోతే నార్వే రైతుల క్వైక్ ఈస్ట్ మంచి తోడు. 30 డిగ్రీలు దాటినా అది శుభ్రంగా పులియబెడుతుంది. అసలు లాగరే కావాలనుకుంటే మాత్రం మాల్ట్, హాప్స్ కొనేముందు థర్మోస్టాట్ కొనండి.