తుపాను రాకమునుపే సిద్ధపడుట

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లను సామెత నెఱుగనివారు మనలో లేరు. ఎఱిగియు దాని ననుసరించి నడచుకొనువారు మాత్రము కొలదిమందియే. కృష్ణా గోదావరీ తీరములందు సేద్యము చేసికొను మనకు తుపాను క్రొత్త చుట్టము కాదు. వైశాఖ జ్యేష్ఠములలో నొకసారియు, ఆశ్వయుజ కార్తికములలో నొకసారియు బంగాళాఖాతము మన వంక చూచుచునే యుండును. అందు రెండవ కాలము రైతునకు మిక్కిలి చెడ్డది. అప్పటికి సార్వా వరి పొట్టమీదనో, కంకిమీదనో, కోసిన పనలమీదనో యుండును. సంవత్సరపు కష్టమంతయు పొలములోనే యుండగా గాలి వచ్చును.

గతమును స్మరించుట భయపెట్టుటకు గాదు, బుద్ధి తెచ్చుకొనుటకు. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీన సముద్రము బందరుపై బడి ఇంచుమించు ముప్పదివేలమందిని బలిగొనెను. 1977 నవంబరు 19వ తేదీన తుపాను చీరాల సమీపమున తీరము దాటగా, సుమారు 5 మీటర్ల యెత్తున, అనగా మూడు నిలువుల యెత్తున, ఉప్పెన దివిసీమపై బడెను. ఇంచుమించు పదివేలమంది మరణించిరి. పశువులకు లెక్కయే లేదు. తరువాత 1990 మే 9వ తేదీన కృష్ణ సముద్రమున గలియు తావుననే మఱియొక తుపాను తీరమును దాటెను. అదియు బలములో తక్కువది కాదు. అయినను ఆ పర్యాయము మృతుల సంఖ్య వేయికి లోపుగనే యుండెను. కారణమేమి? సముద్రము దయ తలచుట గాదు. ముందుగా హెచ్చరిక వచ్చెను. లక్షకు పైగా జనులను ఇండ్లు విడిపించి పల్లపు భూములనుండి తరలించిరి. ఈ రెండు తుపానులకును గల భేదమే నేటి మన పాఠము.

హెచ్చరికల నర్థము చేసికొనుట మొదటి పని. వాతావరణ శాఖవారు తుపాను తీరము చేరుటకు 72 గంటల ముందు తొలి సూచనయు, 48 గంటల ముందు అప్రమత్త సూచనయు, 24 గంటల ముందు హెచ్చరికయు, 12 గంటల ముందు తీరము దాటిన పిమ్మట లోతట్టున జరుగగల దానిని గూర్చిన సూచనయు నిత్తురు. రెండవదానికి పసుపు, మూడవదానికి నారింజ, నాల్గవదానికి ఎఱుపు రంగు గుఱుతులు. పసుపు కనబడినపుడు పనులు మొదలిడవలెను. నారింజ నాటికి ముగింపవలెను. ఎఱుపు నాటికి మనుష్యులు సురక్షిత స్థలమున నుండవలెను. గోదావరి యొడ్డువారు మఱికొన్ని యంకెలను కంఠస్థము చేయదగును. భద్రాచలమువద్ద 43, 48, 53 అడుగులును, ధవళేశ్వరమువద్ద 11.75, 13.75, 17.75 అడుగులును వరుసగా మూడు ప్రమాద హెచ్చరికలకు హద్దులు. 1986 ఆగస్టు వరదలో భద్రాచలమువద్ద నీరు 75 అడుగులు దాటెనని మఱవరాదు.

తుపాను గాలి సుడి తిరుగుచు వచ్చును. తూర్పు తీరమున కేంద్రమునకు ఉత్తరమున నున్న గ్రామములపైకి గాలి సముద్రమునుండి వీచును. ఉప్పెన భయము వారికే యెక్కువ. మఱియొక సంగతి. కేంద్రము మనమీదుగా పోవునపుడు గాలి యొక్కసారిగా నిలిచిపోవును. ఆకాశము తేటపడినట్లుండును. తుపాను పోయినదని భ్రమపడి బయటికి వచ్చువారు మోసపోవుదురు. కొంతసేపటికి అంతే బలముతో ఎదుటి దిక్కునుండి గాలి మరల వచ్చును. కావున అధికారుల మాట వినబడువఱకు ఆశ్రయము విడువరాదు.

ఇక గృహమున జేయవలసినవి. ఐదుగురున్న యింట దినమునకు మనిషికి అరకిలో బియ్యము చొప్పున పదునైదు దినములకు 38 కిలోలు కావలెను. ఇంతమాత్రము ఆశ్వయుజము ప్రవేశించులోపలనే యెత్తయిన అటకమీద జేర్పవలెను. పొయ్యి వెలుగని దినములకు అటుకులు, పేలాలు, బెల్లము, వేయించిన సెనగలు బిగువైన డబ్బాలలో నుంచవలెను. వేసవిలో మన యిల్లాండ్రు పెట్టు ఊరగాయలు, వడియములు, ఒరుగులు రుచికొఱకు మాత్రమే కావు. కూరలు దొరకని వారము గడుపుటకును అవియే యాధారము. త్రాగుటకు మనిషికి దినమునకు 3 లీటర్ల చొప్పున కొన్ని దినములకు సరిపడు నీటిని మూతగల పాత్రలలో పట్టి యుంచవలెను. చేతి టార్చి, దానికి క్రొత్త బ్యాటరీలు, బ్యాటరీలతో పాడు చిన్న రేడియో, అగ్గిపెట్టె, గట్టి త్రాడు, గొడ్డలి, కొంత చిల్లర సొమ్ము ఒక్కచోట నుండవలెను. పట్టాదారు పాసుపుస్తకము, ఆధారు కార్డు, బ్యాంకి పుస్తకము, సంఘపు వాటా పత్రము నీరు చొరని సంచిలో గట్టి యింటిలోని పెద్దలకు చూపి యుంచవలెను.

పశువుల విషయమున ఒక్క మాట చాలును: ఉప్పెన భయము గలిగినపుడు పలుపులు విప్పివేయుడు. విడిచిన పశువు మిఱ్ఱును వెదకికొనును. కట్టుగొయ్యకు గట్టిన పశువు ఉన్నచోటనే మునిగిపోవును. గడ్డివామిని పల్లమున వేయక, దిబ్బమీద వేసి, పైన త్రాళ్ళతో బిగించి రాళ్ళు వ్రేలాడగట్టవలెను.

విత్తనము రైతునకు ప్రాణము వంటిది. నాట్లకు ఎకరమునకు 20 మొదలు 25 కిలోల విత్తనము కావలెను. ఐదెకరముల రైతు 125 కిలోల విత్తనమును తిండిగింజలతో గలుపక, బాగుగా నెండబెట్టి, వేఱుగా నుంచవలెను. మెట్ట ప్రాంతములవారికి పాతర తగును గాని, మన డెల్టాలో నీరూరును. మనకు ఎత్తు అరుగుమీది గాదెయు, పురియు మేలు. ఆ విత్తనములో సగము సంఘపు గిడ్డంగిలో నుంచుట యింకను మేలు. ఇల్లు పోయినను విత్తనము మిగులును. వరద తఱచుగా వచ్చు పల్లపు చేలకు 2009లో విడుదలయైన స్వర్ణ సబ్‌-1 రకము నాలోచింపవచ్చును. ఆ పైరు రెండు వారములవఱకు మునిగియున్నను నీరు తీసిన పిదప మరల చిగిర్చును.

కోతకు వచ్చిన వరి వాలి నీట బడినచో కంకిమీదనే మొలకెత్తును. ముందు మురుగుకాలువ గండ్లు తెఱచి నీరు తీయవలెను. పిమ్మట 10 లీటర్ల నీటికి అరకిలో ఉప్పు చొప్పున కలిపి కంకులు తడియునట్లు చల్లినచో మొలక కొంతవఱకు ఆగును. ఉప్పు కారుచౌక, ముందుగా కొని యుంచినవానికే అక్కఱకు వచ్చును.

తుపాను వెలిసిన తరువాత వచ్చు రోగములు తుపానుకంటె తక్కువవి కావు. ఉప్పునీరు చొచ్చిన బావిని తోడి శుభ్రపఱుపవలెను. 1000 లీటర్ల నీటికి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పొడి చొప్పున కలిపి, గంటసేపు విడిచి వాడవలెను. త్రాగు నీటిని కాచుట మఱింత మంచిది. విరేచనములు పట్టుకొన్నచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆఱు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాను అంచు సమముగ గొలిచి, కలిపి మాటిమాటికి త్రాగింపవలెను. పిమ్మట వైద్యునికి చూపవలెను. తెగి పడిన విద్యుత్తు తీగను తాకరాదు. 2016లో ప్రారంభమైన ఫసల్ బీమా పథకపు నియమములలో, కోసి పొలమున ఆరవేసిన పైరు నష్టమును 72 గంటలలోపల తెలుపవలెనని కలదు. తన పంట ఆ పథకములో చేరినదో లేదో ప్రతి సభ్యుడును కాలము మించకముందే కార్యదర్శి నడిగి తెలిసికొనవలెను.

సోదరులారా, తుపాను ఒక్క రాత్రి బాధించును. తుపాను చేయించిన యప్పు ఏండ్లతరబడి బాధించును. విత్తనము పోగొట్టుకొన్న రైతు ధాన్యమును నాగునకు దెచ్చి, మఱునాటి పంటను కళ్ళములోనే కొలిచి యిచ్చివేయును. 1996 నవంబరు 6వ తేదీ తుపానున కోనసీమలో కొబ్బరితోటలు విస్తారముగ కూలెను. కొబ్బరి మొక్క కాపునకు వచ్చుటకు ఆఱేడేండ్లు పట్టును. అంతకాలము ఆ తోటనే నమ్మిన కుటుంబము దేనితో జీవింపవలెను? కావుననే పెరటిలో నాలుగు కూరపాదులు, రెండు అరటిపిలకలు, కొన్ని కోళ్ళు, ఒక పాడిగేదె యున్న యిల్లు ఎక్కువ యెకరములున్న యింటికంటె ముందుగా కోలుకొనును.

రైతును ఋణబాధనుండి తప్పించుటకే 1904లో సహకార పరపతి సంఘముల చట్టము పుట్టెను. ఆ యుద్దేశము నెఱవేఱుటకు తుపాను కాలముకంటె తగిన కాలము లేదు. ఒంటరి రైతు చేయజాలని పనులు సంఘము చేయగలదు. ఎత్తయిన గిడ్డంగిలో విత్తన నిధి నుంచి, ఆపదలో నాగు లేకుండ అప్పిచ్చి, పంట రాగానే గింజకు గింజ తిరిగి తీసికొనవచ్చును. టార్పాలిన్లు, నీటి యింజను, రంపములు, ఉప్పు, బ్లీచింగు పొడి ఉమ్మడిగా కొని యుంచవచ్చును. ఊరిలో గర్భిణులు, వృద్ధులు, అంగవికలురు ఎవరెవరో, వారిని తుపాను రక్షణ భవనమునకు చేర్చు బాధ్యత ఎవరిదో ముందే వ్రాసి గోడకు అంటింపవచ్చును. దండోరా వేయువా రెవరో, సెల్‌ఫోను లేని యింటికి పోయి చెప్పువా రెవరో నిర్ణయింపవచ్చును.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయము నొక యంశముగ జేర్పుడని ప్రతి సంఘపు పాలకవర్గమును కోరుచున్నాము. తీర్మానము వ్రాసి ఊరకుండక, భాద్రపదము ముగియులోపల ఒకనాడు ఊరంతయు రక్షణ భవనమువఱకు నడచి చూడవలెను. దారిలో ఏ కల్వర్టు కూలినదో, భవనపు తాళపుచెవి ఎవరివద్ద నున్నదో ఆనాడే తెలియును. గాలిని మన మాపజాలము. గాలి పోయిన మఱునాడు మన పిల్లలు మన ప్రక్కనుండుట, మన గాదెలో విత్తన ముండుట మాత్రము కొంతవఱకు మన చేతులలోనే యున్నది.