గోదావరి యొడ్డు కలము

నగలవలె కలములను గూడ కూర్చుకొను రసికులు లోకమున పెక్కుఱు గలరు. 1921 నాటి పార్కరు డ్యూఫోల్డు, 1941 నాటి పార్కరు 51, 1952 నాటి మాంట్‌బ్లాంక్ 149 మున్నగువానికై వారు వేలు వెచ్చింతురు. వారు కోరి తెప్పించుకొను కలమొకటి మన గోదావరి యొడ్డుననే పుట్టినది.

భద్రాచలమునకు దిగువనున్న రాజమహేంద్రవరమున కె. వి. రత్నముగారు 1932లో కలముల పని నారంభించిరి. కుమారప్పగారి ద్వారా తమకందిన రత్నము కలమును గాంధీమహాత్ముడు వాడి చూచి, బజారులోని విదేశపు కలములకు బదులుగా బాగుగనే యున్నదని 1935లో వార్ధానుండి జాబు వ్రాసిరి.

ఆ కలముల యొడలు ఎబొనైటు. అనగా గంధకము చేర్చి కాచి గట్టిపఱచిన రబ్బరు. దాని కడ్డీలను లేతుపై చేతిపనిగా చెక్కుదురు. పాళీగల భాగమును మరద్రిప్పి విప్పి ఫిల్లరుతో సిరా నింపవలెను. అప్పుడప్పుడు చన్నీట కడుగుడు. వేడినీటను, ఎండను తగులనీయకుడు, వన్నె చెడును.

తనదను కలమొకటి యున్న ఇల్లాలు పుట్టింటికి జాబు వ్రాయుటకు మగని జేబువంక చూడనక్కఱలేదు. ఆడుబిడ్డకు పసుపుకుంకుమలతోపాటు కలము నిచ్చు వాడుక మన యిండ్లలో నెలకొనవలెను.