చదువబడని డిస్కులు – గ్రంథోద్ధరణము

పటాన్‌చెరువునకు ఆంధ్ర వాఙ్మయచరిత్రమున నొక స్థానము గలదు. ఇబ్రహీం కుతుబ్‌షా పాలనకాలమున (1550–1580) పొన్నికంటి తెలగనార్యుడు తన యచ్చతెలుగు కావ్యమగు యయాతిచరిత్రమును ఈ యూరి అమీనుఖానునకు అంకితము చేసెను. తాటాకు శిథిలము కాకమున్నే ప్రత్యంతరములు వ్రాసినవారి శ్రద్ధచేతనే యట్టి కావ్యములు మనకు దక్కినవి. నేడు మన గ్రంథముల యక్షరకూర్పు పెక్కు ఫ్లాపీలయందును, సీడీలయందును, పెన్‌డ్రైవులయందును ఉన్నది. అవి తెఱవబడనిచో చేయవలసిన పని తాళపత్రపరిష్కర్తలకు క్రొత్తది కాదని చూపుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

మూడున్నర అంగుళముల ఫ్లాపీయందు ఒక్కొక్క ప్రక్కను 80 వలయములు, వలయమునకు 18 ఖండములు, ఖండమునకు 512 బైట్లు ఉండును. రెండు ప్రక్కలును గలసి 14,74,560 బైట్లగును. మొదటి ఖండములలో విషయసూచికవంటి పట్టిక యుండును. ఏ ఫైలు ఏయే ఖండములందున్నదో యది తెలుపును. ఆ పట్టిక చెడినపుడు డిస్కును ఫార్మాటు చేయవలయునా యని కంప్యూటరు అడుగును. సమ్మతింపరాదు. సూచిక చినిగినను పుటలు లోపలనే యుండవచ్చును. ఫైలును చెరిపినపుడు సైతము పేరులోని మొదటి యక్షరము మార్చబడి, ఖండములు ఖాళీయని గుర్తింపబడును. వానిపై వేఱొకటి వ్రాయబడువఱకు విషయము నిలిచియుండును.

ప్రథమనియమము మూలమును మార్పకుండుట. ఫ్లాపీ మూలనున్న చిన్న కిటికీని తెఱచియుంచినచో దానిపై వ్రాత సాగదు. బూజుపట్టినదానిని శుభ్రపఱుపక యంత్రమున నుంచినచో పొర గీచుకొనిపోవును. పిమ్మట డిస్కు మొత్తమునకు ప్రతి దీసి, ఆ ప్రతిపైననే పని చేయవలెను. డీడీరెస్క్యూ అను ఉచితసాధనము ముందుగా సులభముగా చదువబడు ఖండములను గ్రహించి, చెడినవానిని తరువాత మరలమరల ప్రయత్నించును. ఒక యంత్రమునకు అందని ఖండము మఱియొక యంత్రమునకు అందవచ్చును; రెండింటి ఫలితములను గూర్చుట ప్రతులను సరిపోల్చుటయే. పట్టిక పూర్తిగా నశించినచో ఫోటోరెక్ అను సాధనము, ఆదిపద్యమును బట్టి గ్రంథమును గుర్తించు సూచీకర్తవలె, ఫైలు ప్రారంభచిహ్నములను బట్టి దానిని వెదకును. ముక్కలై చెదరిన ఫైళ్లను మాత్రము సరిగా నది కూర్పజాలదు. పెన్‌డ్రైవులో నియంత్రణభాగము కాలిపోయినచో స్మృతిభాగమును విడదీసి చదువవలెను. అది నిపుణుల ప్రయోగశాలలో జరుగవలసిన పని.

బైట్లు దొరికినంతమాత్రమున తెలుగు దొరకదు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానము కలిగినను, అచ్చుకూర్పువారు చిరకాలము తమతమ ఫాంట్లనే వాడిరి. ఆ ఫాంట్లలో తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు ఇంగ్లీషు అక్షరముల స్థానములందు ఇమడ్చబడినవి. ఫాంటు లేనిచో ఫైలు అర్థములేని రోమను లిపిగా కనబడును. ఏ ఫాంటో తెలిసికొని మార్పిడిపట్టికతో యూనికోడులోనికి మార్చవలెను. ఇచ్చట వలపలగిలకను ప్రత్యేకముగా పరిశీలింపవలెను. పాత ఫాంట్లలో నది హల్లునకు వెనుక వచ్చును, యూనికోడులో రేఫము ముందు నిలుచును. ఈ దోషములను పట్టుటకు యంత్రజ్ఞానముకంటె ఛందోవ్యాకరణజ్ఞానమే యెక్కువ పనికివచ్చును.

యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు వర్ణచిహ్నము ఒక్కొక్కటికి 3 బైట్లు కావలయును. కావున ఒక ఖండము పోయినచో సుమారు 170 చిహ్నములు, ఇంచుమించుగా నొక వృత్తపద్యము, పోవును. ఆ చోటును ఊహతో పూరింపక, గ్రంథపాతమని గుర్తించి విడువవలెను.

రక్షణమార్గమునకు పటాన్‌చెరువే నిదర్శనము. అచ్చట 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ విత్తననిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మున్నగువాని నమూనాలు 1,20,000కు మించి యున్నవి. వానిలో పెక్కింటి ప్రతులు నార్వేదేశపు స్వాల్‌బార్డు నిధిలోను దాచబడినవి. విత్తనమునకు జరిగిన యీ యేర్పాటు గ్రంథమునకును జరుగవలదా? పాతడిస్కులు గల పండితులు వానిని పారవేయక, శీఘ్రముగా ప్రతులు తీయించి, యూనికోడులోనికి మార్పించి, వేర్వేఱు చోట్ల రెండేసి ప్రతులుంచుదురు గాక.